‘అయితే’ ఎప్పుడు, ‘అందుకే’ ఎప్పుడు
(సామల సదాశివ స్మృతిలో రాసిన ఉపన్యాస పాఠం)

సామల సదాశివ 1928లో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా దహెగాం మండలం తెనుగుపల్లెలో పుట్టారు. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ నాలుగూ ఆయనకు ఇంటి భాషలే అన్నంత దగ్గర. అమ్జద్ రుబాయీలను తెలుగు చేశారు. ఉర్దూ సాహిత్య చరిత్ర రాశారు. హిందుస్తానీ సంగీతాన్ని తెలుగు పాఠకుడికి పరిచయం చేయడానికి ‘మలయమారుతాలు’, ‘సంగీత శిఖరాలు’, ‘స్వరలయలు’ రాశారు. ‘స్వరలయలు’కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

ఆయన జ్ఞాపకాల పుస్తకం ‘యాది’ చదివినవాళ్లకు ఆ వచనం నడక తెలుసు. ఒక గాయకుడి పేరుతో ముచ్చట మొదలవుతుంది, అక్కడినుంచి ఒక షాయర్ దగ్గరికి పోతుంది, ఆ షాయర్ నుంచి ఒక పాత మిత్రుడి దగ్గరికి, మళ్లీ మొదటికి. ఇన్ని మలుపులు తిరిగినా పాఠకుడు దారి తప్పడు. అదే ఇంకొకరు రాస్తే రెండో పేజీలోనే పుస్తకం మూస్తాం. ఈ తేడా ఎక్కడుందో వెతకడమే ఈ ఉపన్యాసం పని. విషయం చిన్నదిగానే కనిపిస్తుంది: ఒక వాక్యం అయిపోయాక తర్వాతి వాక్యాన్ని దానికి ఏ మాటతో కలపాలి? అసలు మాట అవసరమా?

మొదటే ఒక మాట చెప్పుకోవాలి. తెలుగులో కలిపే పని ఎక్కువగా క్రియే చేస్తుంది. క్రియ చివర మారితే రెండు పనుల మధ్య సంబంధం మారుతుంది. విడిగా ఒక మాట పెట్టాల్సి వచ్చేది క్రియ చెప్పలేని సంగతి ఒకటి మిగిలిపోయినప్పుడే. ఈ లెక్క మరిచిపోవడం వల్లే ఇవాళ్టి రాతలో ప్రతి వాక్యం ముందూ ఒక ‘అయితే’, ఒక ‘కాగా’, ఒక ‘ఈ నేపథ్యంలో’ కాపలా కాస్తున్నాయి.

బడిలో ఈ పాఠం ఉంది. ‘రాజు అన్నం తిన్నాడు. రాజు బడికి వెళ్లాడు.’ ఈ రెంటినీ కలిపి రాయమంటారు. పిల్లలు ‘రాజు అన్నం తిని బడికి వెళ్లాడు’ అని రాసి మార్కు తెచ్చుకుంటారు. దానికి సంక్లిష్ట వాక్యమని పేరు. ‘తిని’ క్త్వార్థకం, ‘తింటూ’ శత్రర్థకం, ‘తింటే’ చేదర్థకం, ‘తిన్నా’ అప్యర్థకం. చిన్నయసూరి బాలవ్యాకరణం నాటి ఈ పేర్లు పదో తరగతి పిల్లలను నేటికీ భయపెడుతూనే ఉన్నాయి. భయం పేర్లతోనే, పనితో కాదు. జగిత్యాలలో నాలుగేళ్ల పిల్ల బడి మొహం చూడకముందే ఇవన్నీ వాడేస్తుంది. తిని పోయిండు, తినుకుంట పోయిండు, తింటె పోతడు, తిన్నా పోడు, తినంగనే పోయిండు, తిన్నంక పోయిండు, తినేవరకు పోయిండు, తినక పోయిండు. ఎనిమిది సంబంధాలు వచ్చాయి, కలిపే మాట ఒక్కటీ రాలేదు.

ఇందులో ‘తినేవరకు’ దగ్గర కాస్త ఆగాలి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విడదీసినప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ ఉత్తర మండలంలోకి వచ్చాయి. ఆ మండలంలో ‘నేను పోయేవరకు బస్సు ఎల్లిపోయింది’ అంటే నేను చేరుకునేటప్పటికే బస్సు లేదని. కోస్తాలో అదే అర్థానికి ‘వెళ్లేసరికి’ కావాలి. అక్కడ ‘వరకు’ అంటే అప్పటిదాకా అనే. కరీంనగర్ పిల్ల పరీక్షలో ‘పోయేవరకు’ అని రాస్తే దిద్దేవాళ్లు అర్థం చెడిందనుకుంటారు. చెడలేదు. ఆమె ఊళ్లో ఆ అతుకు అలాగే పనిచేస్తుంది.

కలిపే మాట లేకుండా ఇలా కూర్చడం కొత్తదేమీ కాదు. కరీంనగర్ నుంచి గంగాధర వైపు వెళ్తే కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. 10వ శతాబ్దంలో పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు అక్కడి బండ మీద సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో శాసనం చెక్కించాడు. తెలుగు భాగంలో కంద పద్యాలున్నాయి. తెలుగుకు ప్రాచీన హోదా అడిగిన రోజుల్లో ఆ గుట్ట పేరు చాలాసార్లు వినిపించింది. అక్కడి కంద పద్యాల్లో ఒకటి జినాలయాలు ఎత్తించడం, జినపూజలు చేయడం, మునులకు అన్నదానమివ్వడం అని మూడు పనులను వరుసగా పేర్చి, ఈ విషయంలో జినవల్లభుడికి సాటి వచ్చేవాళ్లెవరని అడుగుతుంది. మూడు పనుల మధ్య కలిపే మాట లేదు. మూడూ ఒకే తీరుగా పక్కపక్కన నిలబడ్డాయి, ఆ తీరే వాటిని కలిపింది. వెయ్యేళ్ల కిందట బండ మీద ఉలితో చెక్కేవాడికి ఒక్కో అక్షరం ఎంత బరువో తెలుసు. అక్కర్లేని మాట పెట్టించుకునే ఓపిక అతనికి ఉండదు.

మరి ‘మరియు’ ఎక్కడిది? అది తెలుగు మాటే, పాత మాటే. కాకపోతే దాని చోటు వేరు. భారత భాగవతాల్లో పద్యానికీ పద్యానికీ మధ్య ఒంటరిగా నిలబడే చిన్న చిన్న వచనాలు చూడండి: అని, అంత, ఇట్లు, కావున, అదియునుం గాక, మఱియు. కథకుడు ఒక పద్యం ముగించి ఊపిరి తీసుకుని ‘ఇంకా ఉంది, వినండి’ అన్నట్టు ‘మఱియు’ అంటాడు. ఆ మాట మలుపు దగ్గర నిలబడేది. ఇవాళ దాన్ని తెచ్చి రెండు పేర్ల మధ్య కూలబెట్టాం. ‘విద్య మరియు వైద్యం’, ‘రోడ్లు మరియు భవనాలు’ అని ఆఫీసు బోర్డులు. ఇంట్లో ఎవరూ ‘ఉప్పు మరియు కారం తీసుకురా’ అనరు. ‘ఉప్పూ కారం’ అంటారు, ‘అమ్మా నాయినా’ అంటారు. చివరి అచ్చు సాగదీస్తే చాలు, పేర్లు కలుస్తాయి. ఇంగ్లిష్ ఉత్తర్వును వాక్యం పక్కన వాక్యం పెట్టి తెలుగు చేసే బల్లల మీద ఈ ‘మరియు’ పెరిగింది. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లోకీ, పెళ్లి పత్రికల్లోకీ వచ్చేసింది. కోర్టు కాగితంలో ‘మరియు’కూ ‘లేదా’కూ తేడా తేల్చిచెప్పాల్సిన చోట దాన్ని ఉంచుకోవచ్చు. మిగతా చోట్ల దాని అవసరమేమిటో ఎవరూ చెప్పలేరు.

క్రియతో కలపడానికీ కొన్ని కట్టుబాట్లున్నాయి. ‘రాము వచ్చి సీత వెళ్లింది’ అంటే తెలుగు చెవి ఒప్పుకోదు. రెండు పనులూ ఒకరివే అయినప్పుడే ‘వచ్చి’ కుదురుతుంది. కానీ ‘వాన పడి చెరువు నిండింది’ అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. వాన వేరు, చెరువు వేరు, అయినా కుదిరింది. ఎందుకంటే అక్కడ ‘పడి’ వరుసను మాత్రమే కాదు, కారణాన్నీ చెబుతోంది. పైగా వాన పడటం, చెరువు నిండటం ఎవరూ కావాలని చేసే పనులు కావు. భాషావేత్త చేకూరి రామారావు 1975లో ‘తెలుగు వాక్యం’ అచ్చువేసినప్పుడు ఇలాంటి చోట్లే తెలుగు వ్యాకరణం నిజంగా ఆసక్తిగా మారుతుందని చాలామందికి తెలిసొచ్చింది. సూత్రం వల్లించడం కాకుండా, మనం రోజూ మాట్లాడే వాక్యాన్నే విప్పి చూసే పద్ధతి ఆ పుస్తకం నేర్పింది.

ఇక కారణం చెప్పే మాటల గుంపు. కాబట్టి, కనుక, అందుకే, అందువల్ల, దాంతో, కావున. నిఘంటువు తెరిస్తే ఇవన్నీ దాదాపు ఒకటే. వాక్యంలో పెడితే ఒకటి కాదు.

‘వాన వస్తోంది కాబట్టి గొడుగు తీసుకో’ బాగుంది. ‘వాన వస్తోంది, అందుకే గొడుగు తీసుకో’ ఎక్కడో కలుక్కుమంటుంది, ఈమధ్య వినిపిస్తున్నా సరే. ‘వాన రావడంతో గొడుగు తీసుకో’ అసలు కుదరదు. కారణం ఇది. ‘కాబట్టి’ మాట్లాడేవాడి ఆలోచనను చూపిస్తుంది. ఇది ఉంది కనక ఇలా చేయి అని సలహా చెప్పొచ్చు, ఆజ్ఞ వేయొచ్చు, రేపటి సంగతి ఊహించొచ్చు. ‘అందుకే’ అలా కాదు. ఫలితం ముందే కళ్లముందు ఉంటుంది, దానికి కారణం ఇదీ అని వేలుపెట్టి చూపిస్తుంది. ‘నిన్న జ్వరం. అందుకే రాలేదు.’ రాలేదన్నది ఇద్దరికీ తెలుసు, ఎందుకన్నదే కొత్త సంగతి. ‘రావడంతో’, ‘దాంతో’ అయిపోయిన ఘటనలకే వస్తాయి. ఒకటి జరిగింది, దాని వెనకే రెండోది జరిగింది. ఇంకా జరగని పనికి అవి చెల్లవు.

‘కావున’ సంగతి వేరే. తెలుగు బడిలో చదివిన ప్రతివాడూ జీవితంలో రాసిన మొదటి తర్కం సెలవు చీటీ. ‘నాకు జ్వరముగా ఉన్నది. కావున తమరు దయతో రెండు రోజులు సెలవు ఇప్పించగలరని ప్రార్థన.’ నవ్వుకుంటాం గానీ ఆ ‘కావున’ తన పని తాను చక్కగా చేస్తుంది. ముందు కారణం, తర్వాత కోరిక, రెంటికీ మధ్య ఒకే మాట. తహసీల్దారు ఆఫీసులో ఇచ్చే అర్జీ కూడా ఇదే అచ్చులో ఉంటుంది. పై అధికారి ఆ కాగితాన్ని ‘కావున’ నుంచే చదవడం మొదలుపెడతాడు, కోరేది అక్కడే ఉంటుంది కనక.

ఉత్తర తెలంగాణ మాటలో దీనికి ఇంకో అందం ఉంది. ‘నువ్వు చెప్పవట్టి తెలిసింది’, ‘ఆమె రావట్టి పెండ్లి ఆగలే’, ‘నీళ్లు ఉండవట్టి వరి ఏసినం’. ‘కాబట్టి’ అని విడిగా నిలబడ్డ మాటలో ఉన్నదీ ఇదే ‘బట్టి’. ఆ మాటలో అది ‘కా’కు అతుక్కుని గడ్డకట్టింది. ఊరి మాటలో ఏ క్రియకైనా అతుక్కుంటుంది. కారణం వేరే వాక్యంగా విడిపోదు, ఆ పనిలోనే చెప్పేస్తారు. ఈ వెసులుబాటు చేతిలో ఉండగా ‘నువ్వు చెప్పావు. ఈ కారణం చేత నాకు తెలిసింది’ అని రాసేవాళ్లను చూస్తే ఎవరైనా ఏమనాలి?

ఎదురు చెప్పే మాటలు మరీ జాగ్రత్తగా వాడాల్సినవి. పెద్దపల్లి వైపు ఏ పెండ్లి సంబంధం ముచ్చటైనా వినండి. ‘పిలగాడు మంచోడే గని కోపం జర ఎక్కువ.’ ఈ మాటతో సంబంధం తప్పిపోయినట్టే. అదే మనిషి ‘కోపం జర ఎక్కువ గని మంచోడే’ అంటే ముహూర్తం పెట్టుకోవచ్చు. మాటలన్నీ అవే, ‘గని’ కూడా అదే. దాని తర్వాత వచ్చిందే బరువెక్కుతుంది. ఇక ‘మంచోడే. కాకపోతే కోపం జర ఎక్కువ’ అంటే ఇంకో రకం: సంబంధం ఖాయమే, ఒక చిన్న హెచ్చరిక అంతే. ‘కోపం ఎక్కువే. అయినా మంచోడే’ అంటే చెప్పేవాడు పిలగాడి తరఫు వకాల్తా పుచ్చుకున్నాడన్నమాట. మధ్యవర్తికి ఈ తేడాలన్నీ తెలుసు. ఆయన ఏ వ్యాకరణమూ చదవలేదు, చదివినవాళ్లకంటే బాగా వాడతాడు.

‘అయితే’ను పాపం ఈ మధ్య ఒకే పనికి కట్టేశారు. అది అసలు ‘అలా ఐతే’ అనే షరతు. ‘నువ్వు వస్తున్నవా? అయితే నేను రాను.’ కథ మొదలుపెట్టే మాట కూడా అదే: ‘అయితే ఏమైందంటే...’ పత్రిక వచనంలో మాత్రం అది ఇంగ్లిష్‌లోని ఎదురుమాటకు బదులుగా కూర్చుంది. మంత్రి హామీ ఇచ్చారు. అయితే పని జరగలేదు. ఇక్కడ ‘కానీ’ అంటే హామీ తప్పారన్న నిందలో పదును ఉంటుంది. ‘అయితే’ ఆ పదును మొద్దు చేస్తుంది. ఎవరినీ నొప్పించకూడదనుకునే వార్తకు ఇది భలే వీలు. ఆ వీలు కోసమే వాడుతున్నారనడం అన్యాయం కావచ్చు. చాలావరకు అలవాటే.

పత్రికల ప్రస్తావన వచ్చింది కనక వాటి దగ్గరే కాసేపు ఉందాం. తెలుగు వార్తకు సొంత అతుకుల పెట్టె ఒకటుంది: దీంతో, కాగా, ఇదిలా ఉండగా, మరోవైపు, ఈ క్రమంలో, ఈ నేపథ్యంలో. జిల్లా పేజీలకు మండల విలేకరులు ముక్కలు ముక్కలుగా వార్తలు పంపుతారు. డెస్కులో కూర్చున్నవాళ్లు రాత్రి గడువులోపు వాటిని ఒకటిగా కుట్టాలి. ఏ ముక్కకూ ఏ ముక్కకూ సంబంధమేమిటో విలేకరికి ఫోన్ చేసి అడిగే తీరిక ఉండదు. అందుకే ఎక్కడైనా ఇమిడే మాటలు కావాలి. ‘ఈ నేపథ్యంలో’ అంటే ముందు చెప్పిన దానివల్ల అని కావచ్చు, తర్వాత అని కావచ్చు, దాంతో సంబంధం లేకుండా అని కూడా కావచ్చు. దేనికైనా పనికొస్తుంది, ఏదీ చెప్పదు.

ఒక ఉదాహరణ. 2022 జూలైలో నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టుకు పెద్ద వరద వచ్చింది. ఆ సంగతిని పత్రికల బాణీలో రాస్తే ఇలా ఉంటుంది. ఏ పేపరు నుంచీ తీసిన వాక్యాలు కావివి, నమూనా కోసం కట్టినవి.

‘ఎగువన భారీ వర్షాలు కురిశాయి. దీంతో కడెం ప్రాజెక్టుకు వరద పోటెత్తింది. ఈ క్రమంలో అధికారులు 17 గేట్లు ఎత్తారు. కాగా ఒక గేటు మొరాయించింది. ఈ నేపథ్యంలో దిగువ గ్రామాల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు.’

ఐదు వాక్యాలు, నాలుగు అతుకులు. చదివాక ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఊళ్లు ఖాళీ చేయించింది గేటు లేవనందుకా, వరద ఎక్కువైనందుకా? ‘ఈ నేపథ్యంలో’ దగ్గరలో ఉన్న గేటు వాక్యానికి అతుక్కుని, పాఠకుడి చేత గేటునే తప్పుపట్టిస్తుంది. నిజం వేరు. ఆ ప్రాజెక్టుకు 18 గేట్లున్నాయి. అన్నీ ఎత్తినా బయటికి పంపగలిగేది సుమారు 3 లక్షల క్యూసెక్కులు. వచ్చిన వరద 5 లక్షల దాకా పోయింది. అంటే ఆ ఒక్క గేటు లేచినా ప్రమాదం తప్పేది కాదు. ఇలా రాస్తే?

‘ఎగువన వానలు దంచికొట్టడంతో కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చింది. గేట్లన్నీ ఎత్తినా బయటికి పోయేది 3 లక్షలే. పైగా ఒక గేటు లేవలేదు. నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయన్న భయంతో దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు.’

ఇక్కడా అతుకులున్నాయి. ‘దంచికొట్టడంతో’ జరిగిపోయిన కారణం చెప్పింది. ‘ఎత్తినా’ చాలదన్న సంగతి చెప్పింది. ‘పైగా’ ఉన్న కష్టానికి ఇంకో కష్టం తోడైందంది. ఊళ్లో దీన్నే ‘మీదికెల్లి’ అంటారు. ‘పైగా’ను ‘కాగా’కు బదులు పెట్టగానే గేటుకు దాని స్థాయి దానికి దక్కింది: అసలు కారణం కాదు, తోడైన కారణం. అతుకు మార్చాలంటే ముందు అంకెలు తెలియాలన్నది గమనించండి. సరైన మాట దొరకడం లేదంటే చాలాసార్లు మాటలు రాకపోవడం కాదు, విషయం తెలియకపోవడమే.

ఇంతకంటే బరువైన చోటు ఒకటుంది. ఆదిలాబాద్ పత్తి నేలల గురించి మాట్లాడేవాళ్లు దాన్ని తప్పించుకోలేరు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 జూన్ 1న వచ్చిన జీవో 421 ప్రకారం, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి సాయం అందాలంటే ఆ మరణానికి సేద్యపు అప్పులే కారణమని విచారణలో తేలాలి. డివిజన్ స్థాయిలో ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయశాఖ సహాయ సంచాలకుడు ముగ్గురూ తేల్చి చెప్పాలి. అప్పట్లో సాయం లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి ఇంకో 50 వేలు. 2015లో తెలంగాణ ప్రభుత్వం వాటిని 5 లక్షలు, లక్షగా పెంచింది.

ఇప్పుడు ఒక నివేదికలోని వాక్యం ఊహించండి. ‘పత్తి దెబ్బతిని అప్పులపాలవడంతో ఇంట్లో గొడవలు మొదలై ప్రాణం తీసుకున్నాడు.’ ఇందులో గొలుసు పూర్తిగా ఉంది: పంట, అప్పు, గొడవ, చావు. ఇదే ‘కుటుంబ కలహాల వల్ల ప్రాణం తీసుకున్నాడు. మృతుడికి అప్పులు కూడా ఉన్నాయి’ అయిందనుకోండి. అబద్ధమేమీ లేదు. కానీ ‘వల్ల’ గొడవకు దక్కింది, అప్పుకు ‘కూడా’ మిగిలింది. మొదటి వాక్యం ఆ ఇంటికి దారి తెరుస్తుంది, రెండోది మూస్తుంది. పత్రికల్లో రోజూ కనిపించే ‘మనస్తాపానికి గురై’ అయితే ఏ కారణమూ చెప్పదు. మనస్తాపం దేనివల్లన్నదే కదా అడగాల్సింది. 2018 ఆగస్టులో రైతుబీమా వచ్చాక పట్టా ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తున్నాయి, కనక వాళ్ల విషయంలో ఈ చిక్కు కొంత తగ్గింది. పట్టా లేని కౌలు రైతుకు ఆ బీమా లేదు. ఆ ఇళ్లకు నేటికీ నివేదికలోని ‘వల్ల’ ఏ మాట పక్కన పడిందన్నదే ముఖ్యం.

ఆదిలాబాద్‌కు సంబంధించిన ఇంకో సంగతి సదాశివకు నచ్చి ఉండేది. ఆ జిల్లాలో తెలుగు, మరాఠీ, దక్కనీ ఉర్దూ ఒకే సంతలో మాట్లాడుకుంటాయి. పక్కనే గోండీ, కొలామీ. తెలుగువాడు ‘వస్తనని చెప్పిండు’ అంటాడు. ఆ ‘అని’ అనడమనే క్రియ నుంచి వచ్చిందే. మరాఠీలో ఆ పనికి ‘మ్హణూన్’ ఉంది, అదీ అనడం నుంచే. దక్కనీలో ‘బోల్కే’ ఉంది, అదీ అంతే. ‘ఆతూఁ బోల్కే బోల్యా.’ ఉత్తరాది ఉర్దూలో, హిందీలో ‘కి’ అన్న మాట ముందు వచ్చి, చెప్పిన సంగతి తర్వాత వస్తుంది. ఇక్కడ సంగతి ముందు, ‘అని’ వెనక. మూడు భాషలూ ఇంకో అడుగు కూడా కలిసే వేస్తాయి: అదే మాటతో కారణమూ చెబుతాయి. ‘పిల్లలకు బాగలేదని ఊరికి పోలేదు’ అన్నప్పుడు ఎవరూ ఎవరితోనూ ఏమీ అనలేదు, అయినా ‘అని’ వచ్చి కారణమైంది. మరాఠీలో ‘మ్హణూన్’ ఒంటరిగా నిలబడి ‘అందుకని’ అవుతుంది. వేర్వేరు కుటుంబాల భాషలు ఇరుగుపొరుగున బతికి ఇలా ఒకే నడక నేర్చుకుంటాయని భాషాశాస్త్రవేత్త ఎమెనో 1956లో రాసిన వ్యాసంతో ప్రపంచానికి తెలిసింది. ఆయన అంతకు ముందు ఏడాదే కొలామీ భాష మీద పుస్తకం వేశారు.

సంగతికీ ‘అని’కీ వరుస హిందీలో తారుమారవుతుంది కనక తెలుగును హిందీలోకి తెచ్చేవాళ్లకు ‘అని’ దగ్గరే మొదటి పరీక్ష. వంగర వాసి పి.వి. నరసింహారావు ‘వేయిపడగలు’ నవలను ‘సహస్రఫణ్’గా హిందీ చేశారు. తెలుగులో చివరికి గానీ తేలని వాక్యాన్ని హిందీలో ‘కి’ పెట్టి మొదటే విప్పాలి. ఆ నవల విశ్వనాథ సత్యనారాయణ చేత్తో రాసింది కాదు, చెబుతూ పోతే తమ్ముడు రాసుకున్నది. నోటితో చెప్పిన వచనానికి ఒక లక్షణం ఉంటుంది. వినేవాడు ఎదురుగా ఉంటాడు కనక, ఎక్కడ తప్పిపోతాడో అక్కడే అతుకు పడుతుంది. మిగతా చోట్ల పడదు.

ఒగ్గుకథలో ఈ ఏర్పాటు కళ్లకు కనిపిస్తుంది. హనుమాజీపేట మిద్దె రాములు వంటి కథకులు ప్రసిద్ధికెక్కించిన ఆ కళలో ప్రధాన కథకుడు ఒక మాట అంటే పక్కనున్నవాడు అందుకుంటాడు. ‘ఏమన్నడు?’, ‘అటెనుక ఏమైంది?’, ‘మరి ఆమె ఊకున్నదా?’ ఈ ప్రశ్నలే అతుకులు. ‘అటెనుక’ అని అడిగితే వరుస, ‘ఎందుకు’ అని అడిగితే కారణం, ‘మరి’ అని అడిగితే ఎదురు. రాసుకునేవాడికి పక్కన ఆ మనిషి లేడు. ఆ ప్రశ్న తానే వేసుకోవాలి. ‘అటెనుక ఏమైంది’ అన్న ప్రశ్న వస్తే అక్కడ ‘అందువల్ల’ పెట్టకూడదు, ‘ఎందుకు’ అన్న ప్రశ్న వస్తే ‘ఆ తర్వాత’తో సరిపెట్టకూడదు. ఏ ప్రశ్నా రాకపోతే, పాఠకుడు వెంటే నడుస్తున్నాడన్నమాట, ఏ మాటా అక్కర్లేదు. హనుమాజీపేట కవి సి. నారాయణరెడ్డి ఊరు కూడా. ఉర్దూ మాధ్యమంలో బడి చదువు చదివి, తర్వాత తెలుగులో ఆధునికాంధ్ర కవిత్వం మీద సిద్ధాంత గ్రంథం రాసిన మనిషి ఆయన. ఆ ఊరి చెవికి కథ చెప్పడమూ తెలుసు, తర్కం చెప్పడమూ తెలుసు.

సదాశివ వచనం మళ్లీ తెరిస్తే, ఆ మలుపుల దగ్గర పెద్ద మాటలేవీ లేకపోవడానికి కారణం ఇదే అనిపిస్తుంది. పక్కన కూర్చుని వింటున్నవాడు అడగబోయే మాట ఆయనకు ముందే వినిపించేది. నాలుగు భాషల్లో ముచ్చట పెట్టిన మనిషికి అది కష్టం కాకపోవచ్చు. ఒక్క భాషలోనే చదువుకుని, ఆ చదువు కూడా అనువాదపు పుస్తకాల్లోంచే చేసిన ఇవాళ్టి విద్యార్థికి మాత్రం కష్టమే. అతనికి ఎవరో ఒకరు నేర్పాలి.

కరీంనగర్, ఆదిలాబాద్ బడుల్లో తెలుగు చెప్పే ఉపాధ్యాయులకు, జిల్లా పేజీలు దిద్దే సబ్ ఎడిటర్లకు అందుకే ఒక విన్నపం. ‘ఈ నేపథ్యంలో’ కనిపించిన చోటల్లా దాన్ని కొట్టేసి, రాసినవాళ్లను ‘అంటే వల్లనా, తర్వాతనా?’ అని ఒక్కసారి అడగండి. బడి పిల్ల ‘వాన పడవట్టి చెరువు నిండింది’ అని రాస్తే ఎర్రసిరా పెట్టకండి. ‘వాన పడటంతో పాటు చెరువు నిండింది’ అని రాస్తే తప్పకుండా పెట్టండి.